ట్రినిడాడ్ మెకానిక్ బిగించిన సైలెన్సర్

మా తెలుగు సంఘం పత్రికలో పదవీ విరమణ చేసినవాళ్ళ అనుభవాలు వేస్తున్నారు. ఇంతవరకు రాసినవాళ్ళలో ఇద్దరు గుండె డాక్టర్లు, ఒక వంతెనల ఇంజినీరు, ఒక ప్రొఫెసరు ఉన్నారు. ఇప్పుడు నన్ను రాయమన్నారు. నేను మోటార్‌సైకిల్ మెకానిక్‌ని. న్యూజెర్సీలో ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళు బాగుచేశాను. అందులో మొదటి కొన్నేళ్ళు ఆ సంగతి ఈ ఊళ్ళో ఏ తెలుగువాడికీ తెలియకుండా దాచాను. అందుకే అడిగినప్పుడు సంతోషం వేసినా, కాగితం ముందు కూర్చుంటే చెయ్యి సాగలేదు.

ఈ మధ్య మన పిల్లల్లో కొందరు వెల్డింగ్ అనీ, కార్ల రిపేరు అనీ చేతిపనుల్లోకి వస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు నాకు ఫోన్ చేసి, "మీరైనా కాస్త బుద్ధి చెప్పండి" అని మొరపెట్టుకుంటారు. వద్దని నేనెందుకు చెబుతాను? పనిలో తప్పేమీ లేదు. తప్పంతా పని చేసేవాడి బుర్రలో ఉంటుంది. నా బుర్రలో ఏముండేదో రాస్తాను. ఇందులో గొప్పలు తక్కువ, సిగ్గుపడాల్సినవి ఎక్కువ.

చొక్కా మీద పేరు

డెబ్బైల చివర్లో మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ పట్టుకుని వచ్చాను. నేను దిగేసరికి ఇక్కడి ఫ్యాక్టరీలు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపిస్తున్నాయి. దరఖాస్తులు పెట్టి పెట్టి విసుగెత్తిపోయాను. మా ఆవిడ శారద ఆసుపత్రి వంటగదిలో ట్రేలు సర్దే పనికి వెళ్ళేది. ఆవిడకి ఏడో నెల వచ్చింది. అప్పుడు రూట్ 46 మీద ఒక మోటార్‌సైకిల్ షాపు అద్దానికి "మనిషి కావాలి" అన్న కాగితం కనబడింది.

షాపు యజమాని పేరు వాల్ట్. అరవై దాటిన మనిషి, మాట పొదుపు. నా డిగ్రీ కాగితాన్ని పట్టుకుంటే మరకలవుతాయని దూరం నుంచే చదివాడు. "బాగుంది. విరిగిన బోల్టు బయటికి తీయగలవా?" అని అడిగాడు. తీస్తానన్నాను. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకి తీశాను. తను పావుగంటలో తీసేవాడట. అయినా ఉండమన్నాడు.

నాకంటే ముందు పనిచేసి మానేసినతని చొక్కా ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. జేబు మీద "రే" అని దారంతో కుట్టి ఉంది. చొక్కా గట్టిగానే ఉంది కదా, కొత్తదెందుకు అన్నాడు వాల్ట్. అలా నేను రే అయ్యాను. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. తర్వాత అదే నాకు చాటుగా పనికొచ్చింది.

అప్పట్లో మేముండే పార్సిప్పనీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా తక్కువ. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళం. తలా ఒక వంటకం తెచ్చేవాళ్ళు. "మీరేం చేస్తుంటారండీ?" అంటే, "ఆటోమోటివ్ ఇంజినీర్‌ని" అనేవాణ్ణి. ఏ కంపెనీ అంటే మాట మార్చేవాణ్ణి. కలుసుకునే రోజు పొద్దున్నే ఇసుక సబ్బుతో చేతులు మంట పుట్టేదాకా రుద్దేవాణ్ణి. గోళ్ళ అంచుల్లో నలుపు మాత్రం పోయేది కాదు. అందరూ పులిహోర చేత్తో కలుపుకుని తింటుంటే నేను చెంచాతో తినేవాణ్ణి. "దొరగారికి చెంచా ఇవ్వండమ్మా" అని వేళాకోళం చేసేవారు. నవ్వేసేవాణ్ణి.

జేబు చిన్నదైతే ఎక్కడ తగ్గాలి

అసలు పని గురించి కూడా కొంత చెప్పాలి. ఆ రోజుల్లో నాలుగు సిలిండర్ల జపాను బళ్ళు విపరీతంగా అమ్ముడయ్యాయి. వాటికి కంపెనీ ఇచ్చే సైలెన్సర్లు ఇక్కడి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి చిల్లులు పడేవి. కంపెనీ సైలెన్సర్లే మళ్ళీ కొనాలంటే పాత బండి ఖరీదంత అయ్యేది. దానికి విరుగుడుగా బయట కంపెనీలు నాలుగు గొట్టాలు కలిసి ఒకటయ్యే పైపు ఒకటి తెచ్చాయి. చవక, తేలిక. బండి కూడా కాస్త హుషారుగా పరిగెత్తేది. కుర్రకారంతా దాని వెంట పడ్డారు.

డబ్బు తక్కువున్నవాడు వస్తే చిన్నచూపు చూడకండి. మనం ఎక్కువ తెలివి వాడాల్సింది అతని బండికే. సెకండ్‌హ్యాండ్ పైపు వేయవచ్చు. సొట్టలుంటే ఉండనివ్వండి. వేడికి ఆగే నల్ల రంగు కొడితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కాని ఇంజిన్‌కీ పైపుకీ మధ్య వేసే రింగులు మాత్రం కొత్తవి వేయాలి. ఇంకొకటుంది. అదే అసలైనది.

పాత సైలెన్సర్ పొగని కొంచెం కొంచెంగా వదులుతుంది. కొత్త పైపు ధారాళంగా వదిలేస్తుంది. పొగ సులువుగా బయటికి పోతే గాలి ఎక్కువగా లోపలికి వస్తుంది. గాలి పెరిగినప్పుడు పెట్రోలు కూడా పెరగాలి. పెరగకపోతే లోపల వేడి హద్దు దాటి పిస్టన్ కరిగిపోతుంది. పెట్రోలు ఎంత పోవాలో చూసేది కార్బ్యురేటర్‌లో ఉండే జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క. చిటికెన వేలి గోరంత ఉంటుంది. పైపు మార్చినప్పుడు కాస్త పెద్ద చిల్లున్న జెట్లు వేస్తే సరిపోతుంది.

దీనికి వాల్ట్ ఒక నియమం పెట్టాడు. పైపు మార్చిన ప్రతి బండినీ హైవే మీద రెండు మైళ్ళు నడపాలి. అక్కడికక్కడే ఇంజిన్ కట్టేసి స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే సరే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. ఆ ప్లగ్ తెచ్చి బండివాడి చేతిలో పెట్టి, ఏమిటో ఎందుకో అతనికి అర్థమయ్యేలా చెప్పాలి. "నువ్వు చెప్పకపోతే సగం పనే చేసినట్టు" అనేవాడు వాల్ట్. తను మాట పొదుపు మనిషైనా ప్లగ్ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ధారాళంగా మాట్లాడేవాడు.

భాస్కర్

ఎనభైల మొదట్లో ఒక వేసవి పొద్దున, వాల్ట్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయంలో ఒక కుర్రవాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పెద్ద చప్పుడు చేసే పాత బండి. భుజాన, పాత సామాన్లు అమ్మే ఫ్లీ మార్కెట్‌లో కొన్న పైపు. వాలకం చూడగానే మనవాడని తెలిసిపోయింది.  వీడి ద్వారా మావాళ్ళందరికీ నా గుట్టు తెలుస్తుందని భయపడ్డాను.

అతను ఇంగ్లీషులోనే చెప్పుకున్నాడు. పేరు భాస్కర్. చదువు ముగించి ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో ట్రెయినీగా చేరాడు. అక్కడికి బస్సు లేదు. చప్పుడు ఎక్కువైందని బండి ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైంది. సోమవారం లోపల బాగుచేయకపోతే ఉద్యోగానికి వెళ్ళలేడు. ఫ్యాక్టరీ వాళ్ళు వీసాకి స్పాన్సర్ చేస్తామన్నారట. ఇంతా చెప్పి ఒక్క క్షణం ఆగి, "సార్, మీది ఇండియానా?" అని అడిగాడు.

"కాదు. ట్రినిడాడ్" అన్నాను.

మా షాపుకి ట్రినిడాడ్ నుంచి వచ్చిన కస్టమర్ ఒకాయన ఉండేవాడు. తాతల నాడు మన దేశం నుంచి అక్కడికి వెళ్ళిన కుటుంబం, మొహం చూస్తే మనవాళ్ళలాగే ఉంటాడు. ఆ సమయానికి ఆయనే గుర్తొచ్చాడు. ఆయన ఇంగ్లీషు వేరు, నా గుంటూరు ఇంగ్లీషు వేరు. నాలుగు మాటలు కలిపి మాట్లాడితే దొరికిపోతానని, ఆ పూటంతా "ఎస్", "నో", "ఓకే" అనే మూడు మాటలతో నెట్టుకొచ్చాను.

పాత పైపుల నట్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. నూనె పోసి, వేడి చేసి, ఒక్కొక్కటీ విరక్కుండా తీయడానికి చాలాసేపు పట్టింది. అతను పాత టైర్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. రింగులు కొత్తవే వేశాను. పైపు చక్కగా కూర్చుంది. స్టార్ట్ చేస్తే గంభీరమైన చప్పుడు వచ్చింది. అతని మొహం వెలిగిపోయింది.

నేను రేజ్ చేసి వదిలాను. పైపులోంచి పట్ పట్‌మని చిన్న పేలుళ్ళు వినిపించాయి.

అదేమిటో నాకు తెలుసు. పెట్రోలు చాలడం లేదు. జెట్లు మార్చాలి. సరైన సైజువి సొరుగులోనే ఉన్నాయి. గంట పని. అయితే అది చేయాలంటే అతనికి వివరంగా చెప్పాలి. ఇంకాస్త ఖర్చవుతుందని చెప్పాలి, ఎందుకవుతుందో చెప్పాలి, అతను అడిగే ప్రశ్నలకి జవాబివ్వాలి. నోరు విప్పితే ట్రినిడాడ్ ఎగిరిపోతుంది. హైవే మీదికి తీసుకెళ్ళలేదు. ప్లగ్ విప్పలేదు. "ఓకే. గుడ్" అని తాళంచెవి చేతిలో పెట్టాను.

తెలియక చేసిన తప్పుకి ఎవరూ ఇన్నేళ్ళు సిగ్గుపడరు. నేను తెలిసే చేశాను.

తెల్లటి ప్లగ్

పది రోజుల తర్వాత, పాడైన బళ్ళని లాక్కొచ్చే టో ట్రక్కు ఒకటి ఆ బండిని తెచ్చి మా షాపు ముందు దింపింది. ఒక పక్కంతా గీసుకుపోయింది. రూట్ 80 మీద వేగంగా వెళ్తుండగా పిస్టన్ పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయి, భాస్కర్ రోడ్డు పక్కకి పడ్డాడట. కాలు రెండు చోట్ల విరిగిందని ట్రక్కు డ్రైవరు చెప్పాడు. 

వాల్ట్ ప్లగ్ విప్పాడు. సున్నంలా తెల్లగా ఉంది. కొసన కరిగిన అల్యూమినియం చిన్న చిన్న పూసల్లా అంటుకుని ఉంది.

"నువ్వు ప్లగ్ చూశావా?"

"లేదు."

"ఎందుకు చూడలేదు?"

"టైమ్ లేదు."

"ఆ రోజు మధ్యాహ్నం నీకు ఇంకో బండే లేదు" అన్నాడు వాల్ట్. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇంజిన్ షాపు ఖర్చుతో బాగుచేద్దాం. కాని జరిగింది అతనికి నేను చెప్పను. బిగించింది నువ్వు. నువ్వే వెళ్ళి చెప్పాలి."

వెళ్తానన్నాను. ఆ వారం వెళ్ళలేదు. తర్వాతి వారమూ వెళ్ళలేదు. సాయంత్రాలు షాపులో ఉండిపోయి ఆ ఇంజిన్‌ని మాత్రం విప్పి మళ్ళీ శ్రద్ధగా బిగించాను. కొత్త పిస్టన్లు, కొత్త జెట్లు వేశాను. అందులో ఏ లోపం లేకుండా చూశాను. కాలు విరిగినవాడికి ఆ బండి ఎందుకని మాత్రం నన్ను నేను అడగలేదు.

డాక్టరు గారింట్లో

నెల తిరక్కుండానే మావాళ్ళ కలయిక ఒక డాక్టరు గారింట్లో పెట్టారు. వంట గిన్నెతో శారద ముందు, నేను వెనక లోపలికి వెళ్ళాం. సోఫాలో భాస్కర్ కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టి ఉంది. ఆసుపత్రిలో పరిచయమై, ఒంటరివాడని డాక్టరు గారే తీసుకొచ్చారట. వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది. ఈలోగా డాక్టరు గారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "వీరు మన ఆటోమోటివ్ ఇంజినీర్ గారు" అని పరిచయం చేశారు.

భాస్కర్ నా మొహంలోకి చూశాడు. "నమస్తే సార్" అన్నాడు. అంతే. దువ్విన తలతో, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాను కదా, గుర్తుపట్టలేదనుకున్నాను. హమ్మయ్య అనుకున్నానని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భోజనాల దగ్గర ఆ ప్రమాదం సంగతే వచ్చింది. "ఈ రోడ్‌సైడ్ మెకానిక్స్‌కి ఏం తెలుస్తుందండీ? ఎడ్యుకేషన్ ఉండదు, రెస్పాన్సిబిలిటీ ఉండదు. మన ఇంజినీర్ గారు ఉండగా అలాంటివాడి దగ్గరికి ఎందుకు వెళ్ళావయ్యా?" అన్నారు డాక్టరు గారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమంటారండీ మీరు?" అన్నారు.

అందరూ నా వైపు చూశారు. చెంచా చేతిలోనే ఉంది.

"అవునండీ. అలాంటి చోట్లకి వెళ్ళకూడదు" అన్నాను.

భాస్కర్ తన ప్లేటు వైపు చూస్తూ, "ఆయన తప్పేం లేదండి. మంచోడే. తక్కువలనే చేసిండు. నేనే జర స్పీడ్ తోలిన" అన్నాడు.

 కారు మా ఇంటి దగ్గరికి వచ్చాక శారద, "ఆ అబ్బాయి బండి చేసింది మీరేనా?" అంది. అవునన్నాను. "మీరు ఏ పని చేస్తున్నారో దాచిపెడుతుంటే నేను నోరు మూసుకున్నాను. అది మీ ఇష్టం. ఇది మాత్రం పాపమండీ. ఆ పిల్లాడి ముందు ఆ మాట ఎలా అన్నారు?" అంది. 

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి

మిగతాది చెప్పేముందు ఒక మాట. తర్వాతి కాలంలో వాల్ట్ దగ్గరే షాపు కొనుక్కున్నాను. ఎందరినో పనిలో పెట్టుకున్నాను. చెయ్యి తిరగనివాడికి నేర్పగలిగాను. తొందరపాటు మనిషిని నెమ్మదించగలిగాను. చేస్తున్న పనికి సిగ్గుపడేవాణ్ణి మాత్రం ఉంచుకోలేదు. అలాంటివాడికి కస్టమర్ కంటే తన పరువు ముఖ్యం. బండి ముందు నిలబడ్డా వాడి చూపు తలుపు మీదే ఉంటుంది, ఎవరైనా తెలిసినవాళ్ళు వస్తున్నారేమోనని. అలాంటివాడు బిగించిన బోల్టు నేను మళ్ళీ తిప్పి చూసుకోకుండా ఉండలేను. ఇది కఠినంగా ఉందనుకుంటే అనుకోండి.

రెండు నిమిషాలు

ఆ శనివారం పని ముగించుకుని, అదే చొక్కాతో భాస్కర్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. ఇంటికి వెళ్ళి బట్టలు మార్చుకుంటే మళ్ళీ వెనకాడతానని భయం. తలుపు తీసి, నా జేబు మీద పేరు చూసి, "రండి అన్నా, కూసోండి" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. గది మధ్యలో అట్టపెట్టె ఉంది. అందులో పుస్తకాలు సర్దుతున్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. ట్రినిడాడ్ అబద్ధమని, జెట్లు సొరుగులోనే ఉన్నాయని, ప్లగ్ చూడలేదని, డాక్టరు గారింట్లో నేనన్న మాట నన్ను నేను కాపాడుకోవడానికి అన్నదని.

"ఎరికే అన్నా" అన్నాడు.

"డాక్టరు గారింట్లో గుర్తుపట్టావా?"

"అప్పుడు కాదు. బండి చేసిన్నాడే ఎరికైంది. ఆ నట్టు ఊడొస్తలేదని మీరు దాన్ని పట్టుకుని 'రావే తల్లీ, రావే మా అమ్మ కదూ' అని బతిమాలుకుంటున్నరు. ట్రినిడాడ్‌ల అట్ల అంటరా?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తల కొట్టేసినట్టయింది.

"మరి అడగలేదేం?"

"మీరు చెప్పద్దనుకున్నరు. నేనెందుకు బయట పెట్టాలె? మనోళ్ళను ఇబ్బంది పెట్టుడు నాకు నచ్చదు." పుస్తకాల పెట్టె మూత మూశాడు. "మూడు దినాలకు మల్ల వచ్చిన అన్నా మీ షాపుకు. బండి పట్ పట్ అంటుంది, వేడి కూడ బాగైతుంది. ఏందో అడుగుదమని వచ్చిన. మీరు నన్ను చూసి లోపలికి పోయిన్రు. పాపం, అన్నకు మొహమాటం అయితుంది, ఇగ తిప్పలు పెట్టుడు ఎందుకని వాపస్ వచ్చేసిన."

ఆ రోజు కోసం ఎంత వెతుక్కున్నా నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ గుర్తు లేదు. మనవాళ్ళని చూసి లోపలికి వెళ్ళిపోవడం నాకు అంత మామూలైపోయింది. అతను నా పరువు కాపాడాలని ప్రశ్న మింగేసి, అదే బండి మీద వారం రోజులు పనికి వెళ్ళాడు.

"ఉద్యోగం?" అని అడిగాను.

"ఇంకోణ్ణి పెట్టుకున్నరు. ప్రాక్టికల్ ట్రెయినింగ్ వీసా గడువు అయిపోవస్తుంది. వచ్చే వారం ఇండియాకు టికెట్" అన్నాడు. బండి బాగుచేసి ఉంచానని, ఇంజిన్ కొత్తదానిలా ఉందని చెప్పాను. "అమ్మేసి పైసలు పంపుండ్రి" అన్నాడు మర్యాదగా. నన్ను తిట్టమని బతిమాలాలనిపించింది. అతను మాత్రం కర్ర పట్టుకుని కుంటుకుంటూ వంటగదిలోకి వెళ్ళి నాకు టీ తెచ్చాడు.

టీ నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు చెప్పండి అన్నా. ఆ పట్ పట్ ఎందుకొస్తుండె?" అన్నాడు.

చెప్పాను. పొగ గురించి, గాలి గురించి, గోరంత ఇత్తడి ముక్క గురించి తెలుగులో విడమరిచి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. అంతా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.